అక్షరంతో మొదలైన ఆదివారపు బడి

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలోను, వాటి చుట్టూ ఉన్న డెల్టా గ్రామాలలోను ఆదివారం పెద్దల ఆరాధనకు ముందో, తరువాతో చర్చి వరండాలలో, వేపచెట్ల నీడలో పిల్లలు చాపలపై కూర్చొని కనిపిస్తారు. దీనినే సండే స్కూలు అంటారు. ఆదివారపు బడి అన్నది పాతకాలపు పేరు. ఒక పాట, ఒక ప్రార్థన, బైబిలులోని ఒక కథ, కంఠతా పట్టవలసిన ఒక వాక్యం: ముప్పావు గంటలో సాధారణంగా జరిగేది ఇంతే. పాఠం చెప్పేవారికి జీతం ఉండదు. వారిలో అధికులు మహిళలు, డిగ్రీ చదువుతున్న యువతులు. పిల్లలు వారిని టీచరుగారు అనడం కంటె అక్కా అని పిలవడమే ఎక్కువ.

ఈ చిన్న బడి నేడు ఒక చిక్కులో పడింది. భక్తి తగ్గిందనో, సినిమాలు, సెల్‌ఫోన్లు పెరిగాయనో పెద్దలు సాధారణంగా చెప్పే కారణం కాదు అది. అక్కయ్య బైబిలు తెరిచి ఫలానా వచనం చదవమంటే, ఏడో తరగతి విద్యార్థి అక్షరాలు కూడబలుక్కొని ఆగిపోతున్నాడు. వాడికి చదువు రాక కాదు. అదే వాక్యం ఆంగ్లంలో ఇస్తే గడగడా చదువుతాడు. ఈ ప్రాంతంలో క్రైస్తవ విద్య తెలుగు అక్షరాన్ని పట్టుకొనే పుట్టింది. ఆ అక్షరమే ఇప్పుడు పిల్లవాడి చేతినుండి జారిపోతోంది.

హాలేలో అచ్చయిన ప్రశ్నోత్తరి

వెనుకటి చరిత్ర కొంత తెలిస్తేగాని ఈ మాటలోని బరువు అర్థంకాదు. 1529లో మార్టిన్ లూథర్ జర్మనీలో ఒక చిన్న ప్రశ్నోత్తరిని రచించారు. అంతకుముందు సాక్సనీలోని పల్లె సంఘాలను పరిశీలించినప్పుడు సామాన్యులకే కాక కొందరు బోధకులకు సైతం మత సూత్రాలు తెలియకపోవడం ఆయనను కలచివేసింది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే విషయాలపై ఒక ప్రశ్న, దానికి ఒక జవాబు చొప్పున ఇంటి యజమాని తన పిల్లలకు, పనివారికి నేర్పేందుకు అనువుగా దానిని కూర్చారు.

ఆ గ్రంథం రెండు శతాబ్దాల తరువాత తెలుగులోకి వచ్చింది. మద్రాసులో మిషనరీగా పనిచేస్తూ తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ 1743లో స్వదేశానికి తిరిగివెళ్ళి, 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో దానిని తెలుగు లిపిలో అచ్చువేయించారు. తెలుగులో ముద్రణ పొందిన తొలి పుస్తకాలలో ఇది ఒకటి. అచ్చు తెలుగు చరిత్ర మొదటి పుటలోనే ఒక బాలబోధ ఉన్నదన్న సంగతి సండే స్కూలు నడిపేవారిలో ఎందరికి తెలుసునో చెప్పలేం.

గుంటూరు సీమకు లూథరన్ మిషన్ వచ్చింది 1842లో. అమెరికానుండి వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ ఆ ఏడాది జూలై 31న గుంటూరు చేరారు. నాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించారు. బోధతోపాటే బడులూ మొదలయ్యాయి. ఆ తరువాత దశాబ్దాలలో తెనాలి, రేపల్లె ప్రాంతాల గ్రామాలకు లూథరన్ సంఘాలు విస్తరించాయి. 1927లో ఇవన్నీ ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. దక్షిణాన బాపట్ల వైపు అమెరికన్ బాప్తిస్టు మిషన్ ప్రభావం అధికం. నెల్లూరులో 1840లో స్థిరపడిన ఈ మిషన్, 1866 నుండి ఒంగోలు కేంద్రంగా జాన్ ఎవరెట్ క్లౌ చేసిన కృషితో ఉత్తరానికి పాకింది.

క్రైస్తవం స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజులవి. పల్లెలో పూరిపాక వేసి, పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, ఆదివారం అదే పాకలో ప్రార్థన జరిపిన పంతులే అక్కడి మొదటి అధ్యాపకుడు. బడి, గుడి ఒకే కప్పు కింద ఉండేవి. చదవడం వస్తేనే ప్రశ్నోత్తరి వస్తుంది, ప్రశ్నోత్తరి వస్తేనే సంఘంలో పూర్తి సభ్యత్వం. మతం కోసం నేర్చిన ఆ నాలుగు అక్షరాలే తరువాతి తరాలను ఉపాధ్యాయులుగా, నర్సులుగా, గుమాస్తాలుగా నిలబెట్టాయి. విశ్వాసంతో నిమిత్తం లేనివారు సైతం అంగీకరించే వాస్తవమిది.

అసలు సండే స్కూలు పుట్టుకే అలాంటిది. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ప్రారంభించిన బడి, వారంలో ఆరు రోజులూ పనిచేసే పేద పిల్లలకు ఏడో రోజున చదువు చెప్పడానికి ఏర్పడింది. మనదేశంలో ఇండియా సండే స్కూల్ యూనియన్ 1876లో ఏర్పడింది.

స్వాతంత్య్రానంతరం బడి, బోధ వేరయ్యాయి. రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధ ఉండరాదు. ప్రభుత్వ గుర్తింపో, సహాయమో పొందే సంస్థలలో మతబోధకు హాజరుకమ్మని ఎవరినీ నిర్బంధించరాదు. మైనరు విషయంలో సంరక్షకుని సమ్మతి తప్పనిసరి. మిషన్ పాఠశాలలలో చాలావాటికి ఎయిడ్ ఉన్నది కనుక నిబంధన వాటికీ వర్తిస్తుంది. న్యాయమైన నిబంధనే. దాని ఫలితంగా క్రైస్తవ కుటుంబాల పిల్లల మత విద్య భారమంతా ఆదివారం నాటి ఆ ముప్పావు గంట మీద పడింది.

ఒక్కొక్క సంఘానిది ఒక్కొక్క పద్ధతి

బయటివారికి చర్చిలన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. పిల్లలకు నేర్పే తీరులో మాత్రం తేడాలు చిన్నవి కావు.

లూథరన్ కుటుంబంలో బిడ్డకు శైశవంలోనే బాప్తిస్మం ఇస్తారు. అప్పుడు తల్లిదండ్రులు బిడ్డ పక్షాన చేసిన ప్రమాణాన్ని, కౌమారంలో అడుగుపెట్టాక ఆ బిడ్డ తన నోటితో సంఘం ఎదుట తిరిగి చెప్పాలి. దానినే కన్ఫర్మేషన్ అంటారు. అందుకు ముందు కొన్ని వారాలో, నెలలో పాస్టరుగారు ప్రత్యేకంగా తరగతులు నడుపుతారు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరే నేటికీ దానికి ఆధారం.

గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడింది. దాని పరిధిలోని కతోలిక విచారణలలో ఈ బోధనను సత్యోపదేశం అంటారు. బిడ్డకు జ్ఞానస్నానం శైశవంలోనే జరుగుతుంది. కొంత తెలివి వచ్చాక మొదటిసారి దివ్య సత్ప్రసాదం స్వీకరిస్తాడు. ఏడేళ్ళు నిండినవారికి మంచి చెడ్డల వివేచన వస్తుందని పదవ పయస్ పోప్ 1910లో ఆ వయసును తగ్గించారు. తరువాత భద్రమైన అభ్యంగనం. ఒక్కొక్క మెట్టుకూ ముందు తగిన శిక్షణ ఉంటుంది. ప్రశ్నోత్తరాలతోపాటు జపాలు, పూజలో పాల్గొనే క్రమం కూడా పాఠంలో భాగమే.

బాప్తిస్టులది వేరు దారి. శిశువును మందిరానికి తెచ్చి ప్రతిష్ఠ చేస్తారేగాని బాప్తిస్మం ఇవ్వరు. పిల్లవాడు పెరిగి, తానుగా విశ్వసించి, అడిగితేనే నీటిలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. కనుక వారి సండే స్కూలు ఒక సంస్కారానికి సిద్ధం చేయదు, ఒక నిర్ణయానికి సిద్ధం చేస్తుంది. గడచిన దశాబ్దాలలో ఊరూరా వెలసిన స్వతంత్ర, పెంతెకొస్తు సంఘాలలో కూడా దాదాపు ఇదే పద్ధతి.

బాపట్ల ప్రాంతంలో బలంగా ఉన్న సాల్వేషన్ ఆర్మీ వీటన్నిటికీ భిన్నం. వారిలో బాప్తిస్మమూ లేదు, ప్రభు భోజన సంస్కారమూ లేదు. పిల్లలు ఒక ప్రమాణంపై సంతకం చేసి జూనియర్ సోల్జర్లుగా చేరతారు. ఈ సంస్థ చరిత్రలో స్టూవర్టుపురం ఒక ప్రత్యేక అధ్యాయం. క్రిమినల్ తెగల చట్టం కింద నేరస్థులుగా ముద్రపడిన ఎరుకల కుటుంబాలను మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్దిముందు అక్కడ సెటిల్‌మెంటులో ఉంచి, నిర్వహణను ఈ సంస్థకు అప్పగించారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు. అక్కడ పిల్లలకు చదువు అందిన మాట నిజం. పెద్దలు హాజరు పలకనిదే కదలలేని చోట అందిన చదువు అది అన్నదీ అంతే నిజం. బలవంతపు నీడలో నేర్పిన భక్తికి, బాప్తిస్టు బాలుడు తానుగా తీసుకునే నిర్ణయానికి మధ్య దూరం ఎంతో ఈ ఒక్క ప్రాంతంలోనే చూడవచ్చు.

నోటికి వచ్చు, కంటికి రాదు

పద్ధతులు ఎన్ని ఉన్నా పుస్తకం ఒకటే. చాలా సంఘాలలో నేటికీ చదివేది బైబిల్ సొసైటీ వారి పాత అనువాదమే. అందులోని భాష గ్రాంథికం. 'యొద్దకు', 'చెప్పెను', 'చేయుదువు' వంటి రూపాలు నానమ్మకు చెవిలో పాటలా ఉంటాయి, మనుమడికి పరభాషలా ఉంటాయి. పల్లెలలో సైతం ఆంగ్ల మాధ్యమం మామూలైన కాలంలో తెలుగు ఒక సబ్జెక్టుగా మిగిలింది. వాడుక భాషలో అనువాదాలు రాకపోలేదు. అయితే సంఘంలో పెద్దలు చదివేదొకటి, పిల్లల చేతిలో ఉన్నదొకటి అయితే కలిసి చదవడం కుదరదని పాతదాన్నే కొనసాగించేవారు ఎక్కువ.

పాటల సంగతీ అంతే. పురుషోత్తమ చౌధరి వంటి కవులు రాగతాళాలతో రచించిన పాటలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఇంటింటా ఉండే పుస్తకం. ఇప్పటి యువకులు ఆ పాటలనే సెల్‌ఫోనులో ఆంగ్ల లిపిలో చూసి పాడుతున్నారు. రాగం చెడదు, మాట పలుకుతుంది, అర్థం మాత్రం అనుమానమే. ఆంగ్ల లిపిలో పొట్టి అచ్చుకు, పొడుగు అచ్చుకు తేడా తెలియదు, తకు, టకు తేడా తెలియదు.

దీనికి కొందరు బోధకులు చూపే మార్గం పూర్తిగా ఆంగ్లంలోకి మారడం. పట్టణాలలో ఇది కొంత నడుస్తుంది. రేపల్లె దిగువన నదీతీర గ్రామాలలో పాఠం చెప్పే అక్కయ్యకే ఆంగ్లం అంతంతమాత్రం. పైగా ప్రార్థన ఇంట్లో ఏ భాషలో చేస్తారో ఆ భాషలో నేర్పని పాఠం ఇంటికి చేరదు. రెండవ మార్గం కష్టమైనదే అయినా ఈ నేలకు తెలిసినది: ముప్పావు గంటలో పది నిమిషాలు తెలుగు చదవడానికే కేటాయించడం. నాటి పంతులు పలకపై చేసిన పనినే నేటి అక్కయ్య తిరిగి చేయవలసివస్తుంది. ఆంగ్లం చదివే బిడ్డకు తెలుగు లిపి పట్టుబడడానికి ఒక వేసవి చాలు.

వేసవి అంటే వి.బి.ఎస్. గుర్తుకు రావాలి. అమెరికాలో 19వ శతాబ్ది చివరి దశకంలో మొదలైన వెకేషన్ బైబిల్ స్కూలు మన పల్లెలలో సెలవుల సందడిగా మారింది. వారం పదిరోజులు ఉదయం పూట బిగినర్లు, ప్రైమరీ, జూనియర్లు, ఇంటర్మీడియట్, సీనియర్లు అని వయసులవారీగా విడదీసి పాఠాలు చెబుతారు. అభినయ గీతాలు, రంగు కాగితాలతో చేతిపనులు, చివరి రోజు ప్రదర్శన, బహుమతులు ఉంటాయి. క్రైస్తవేతర కుటుంబాల పిల్లలూ స్నేహితుల వెంట వస్తుంటారు. అటువంటప్పుడు తల్లిదండ్రులకు ముందే తెలియజేసి అనుమతి తీసుకోవడం మర్యాదే కాదు, జాగ్రత్త కూడా. పది రోజులూ చివరినాటి ప్రదర్శన కోసమే సాగే చోట నేర్చింది నిలవదు. అలాకాక రోజుకొక పేజీ తెలుగు చదివించిన చోట జూన్‌లో బడులు తెరిచాక కూడా ఫలితం కనిపిస్తుంది.

పదో తరగతి అనే గోడ

ఇక యువత విషయం. కన్ఫర్మేషన్ అయినా, ముంపు బాప్తిస్మం అయినా, అభ్యంగనమైనా పిల్లవాడు తన నోటితో తాను జవాబు చెప్పే వయసు ఎక్కువ చోట్ల పదమూడు పదహారేళ్ళ మధ్య వస్తుంది. ఆ వయసువారు ఇంటిపట్టున ఉండే కాలంలో స్థిరపడిన ఏర్పాటు అది. ఇప్పుడు సరిగ్గా అప్పుడే పదో తరగతి ప్రత్యేక తరగతులు, ఆపై గుంటూరు, విజయవాడ హాస్టళ్ళలో ఇంటర్మీడియట్ వస్తున్నాయి. ఆదివారాలు కూడా పరీక్షలు పెట్టే కళాశాలలు ఉన్నాయి. పండుగకు వచ్చిన నాలుగు రోజులలో తరగతులు కుదించి, జవాబులు బట్టీ పట్టించి, కార్యక్రమం ముగిస్తున్నారు. దస్తావేజుపై సంతకం పడుతుంది, అంతే.

లూథరన్లకు లూథర్ లీగ్, బాప్తిస్టులకు క్రిస్టియన్ ఎండీవర్ వంటి యువజన సంఘాలు ఉన్నా, ఊరు విడిచి వెళ్ళినవారిని అవి పట్టుకోలేవు. కళాశాలలలో 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. వంటి విద్యార్థి సంఘాలు కొంత లోటు తీరుస్తున్నాయి. అక్కడ చేరేది మాత్రం అప్పటికే ఆసక్తి ఉన్నవారే. వయసును ముందుకు జరిపి పదకొండు, పన్నెండేళ్ళకే తరగతులు ముగించాలని ఒక వాదన, ఇంటర్మీడియట్ అయ్యాక పెట్టాలని మరొక వాదన ఉన్నాయి. మొదటిదానిలో బిడ్డ చెప్పే అవునుకు బరువు ఉండదు. రెండవదానిలో చెప్పడానికి బిడ్డ ఊళ్ళో ఉండకపోవచ్చు.

ప్రశ్నోత్తరిని లూథర్ మొదట ఉద్దేశించింది చర్చికి కాదు, ఇంటికి. ఈ సంగతిని గుర్తుచేసే పాస్టర్లు కొందరు హాస్టలుకు వెళ్ళబోయే పిల్లల తల్లిదండ్రులనే ముందు కూర్చోబెట్టి పాఠం చెబుతున్నారు. ఆ తల్లిదండ్రులలో చాలామందికి తెలుగు చదవడం బాగానే వచ్చు. రాత్రి భోజనాలయ్యాక ఒక పేజీ వారు చదివి, మరొక పేజీ పిల్లలచేత చదివిస్తే అక్షరమూ పాఠమూ ఒకే కూర్చునికిలో సాగుతాయి. వచ్చే వేసవి సెలవులకు పుస్తకాలు తెప్పించే పని సంఘాలలో ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే మొదలవుతుంది. ఆ పట్టికలో పెద్ద అక్షరాల తెలుగు వాచకం ఒకటి చేర్చడానికి అయ్యే ఖర్చు చివరి రోజు బహుమతుల ఖర్చును మించదు.