మనోరోగికి పరిచర్యా పథకము

స్కిజోఫ్రీనియాకు మాత్రలు వ్రాయుట వైద్యుని పని. ఆ మాత్రలు వేళకు పడునట్లు, రోగి తినునట్లు, నిద్రించునట్లు చూచుట నర్సు పని. 1952లో పారిస్ నగరమున క్లోర్‌ప్రోమజీన్ వాడుకలోనికి వచ్చినప్పటినుండి పెక్కుమంది రోగులు ఇంటనే ఉండగలుగుచున్నారు. కావున పథకము ఆ ఇంటికి, ఆ ఊరికి సరిపడవలెను.

“రోగి నెమ్మదించవలెను” అని వ్రాసినచో అది పథకము కాదు, కోరిక. అన్నములో విషము కలిపిరని పస్తుండువానికి “మూడు దినములలో రెండుపూటల భోజనము” అని గురి పెట్టవలెను. అందరు తిను గిన్నెనుండి అతనినే వడ్డించుకొననీయవలెను.

లేని గొంతులు వినబడుచున్నవన్నచో వాదించరాదు, ఔననియు అనరాదు. “మీకు వినబడుచున్నదని తెలియును, నాకు వినబడుట లేదు. ఏమి చెప్పుచున్నది?” అని అడుగవలెను. చావుమని ఆజ్ఞాపించుచున్నదేమో సూటిగా అడిగి తెలిసికొనవలెను. అట్లు అడుగుటవలన ఆ తలంపు పుట్టునను భయము వట్టిది. ఔనన్నచో రోగిని ఒంటరిగా విడువరాదు, వైద్యునికి వెంటనే తెలుపవలెను.

బనగానపల్లెలో మరియొక చిక్కు కలదు. దాని పేరుతోనే ప్రసిద్ధమైన మామిడి వేసవిలో కోతకు వచ్చును. అప్పటి ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. ఈ మందులలో పెక్కు శరీరము వేడిని తట్టుకొను శక్తిని తగ్గించును. తోటపనికి పోవు రోగికి ఉదయపు పని, నీడ, తరచు నీరు పథకములో వ్రాయవలెను. ఎండకు జడిసి మాత్రలు మానినచో జబ్బు తిరుగబెట్టును. తీవ్రజ్వరముతో కండరములు బిగిసి, మాట తడబడినచో మరునాటికి ఆగక ఆస్పత్రికి చేర్చవలెను. తక్కిన సందేహములకు 2022లో ఆరంభమైన టెలి మానస్ సంఖ్య 14416 ఉన్నది.