సంచిలో తళుకు

రొద్దములోగాని హిందూపురములోగాని డెంగీ జ్వరము పొడసూపిన దినములలో ‘ప్లేట్‌లెట్లు ఎంతకు పడినవి?’ అను ప్రశ్న ప్రతి అరుగుమీదను వినవచ్చును. మైక్రోలీటరు నెత్తురులో లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఉండి, కేంద్రకమైనను లేక ఏడు నుండి పది దినములు మాత్రమే జీవించు ఈ రక్తఫలకికలు, నాళము చిట్లినచోట అంటుకొని, తమలో దాచుకొన్న ఏడీపీ అను రసాయనమును వెదజల్లి, తోటివాటిని పిలుచుకొని గాయమును పూడ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే పండితునితో గూడి 1929లో కండరమునందు కనుగొన్న ఏటీపీ అను రసాయనమునకు ఈ ఏడీపీ తోబుట్టువే. ఆయన వెదకినది రక్తఫలకికలను కాదు గాని, ఏడీపీని చేరు దారి మాత్రము ఆయన ముంగిటినుండియే పోవుచున్నది.

ఫలకికలతో మసకబారిన ప్లాస్మాలో ఏడీపీ చుక్క వేయగా, అవి గుమిగూడి ద్రవము తేటపడును. ఆ తేటనే వెలుతురుతో కొలుచు ఉపాయమును 1962లో గుస్తావ్ బార్న్ ప్రకటించెను.

రోగులకు ఎక్కించుటకై దాత దేహమును వీడి సంచిలో పడిన ఫలకికకు ప్రతి ఘడియయు గండమే. చల్లబెట్టినవి రోగిలోనికి ఎక్కించిన పిదప త్వరగా తొలగిపోవును గనుక, 20–24 డిగ్రీల వెచ్చదనమున, ఎడతెగక ఊపుచు, సాధారణముగా ఐదు దినములే నిలువయుంచుదురు. ఫలకిక లోపల బీసీఎల్-ఎక్స్ఎల్ అను ప్రోటీను మృత్యువును నిలువరించుచుండును. అది క్షీణించినకొలది ఆయువు తరుగును. సంచిని వెలుతురుకెత్తి మెల్లగా తిప్పినచో, బిళ్లవలె చదునుగానున్న ఆరోగ్యకరమైన ఫలకికలు ధర్మవరపు పట్టు మడతవలె సుడులు తిరిగి తళుక్కుమనును. గుండ్రబడి చెడినవి తళుకులేక మబ్బుగా నిలిచిపోవును.