విశ్వమంతా తీగెలేనా?

బాలలూ, విశాఖపట్నం సెయింట్ అలోషియస్ బడిలో చదివిన సి. వి. రామన్ పెద్దయ్యాక వీణ తీగెలను కూడా పరిశోధించాడు. తీగెను సరిగ్గా మధ్యలో మీటితే కొన్ని పై స్వరాలు వినబడకూడదని శాస్త్రం. వీణలో అవీ వినబడతాయనీ, తీగె ఆనే పలక వంపుగా వుండటమే అందుకు కారణమనీ ఆయన 1921లో చూపాడు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఇంకొక తీగె వెంట పడ్డారు. ఎలక్ట్రాను వంటి కణాలు చుక్కలు కావట, కంటికందని తీగెలట! బొబ్బిలి వీణ మీద ఒకే తీగె ‘స’ అనీ పలుకుతుంది, ‘రి’ అనీ పలుకుతుంది గదా. అలాగే ఈ తీగె ఒక తీరున కంపిస్తే ఎలక్ట్రాను, మరొక తీరున కంపిస్తే వెలుగు కణం. 1968లో వెనెజియానో అనే ఇటలీ పండితుడు కట్టిన సూత్రం దీనికి మొదలు. 1974లో ఇంకా గొప్ప సంగతి తేలింది: ఒక కంపనం గురుత్వాకర్షణకు సరిపోయింది. ఇంతమంది దీన్ని వదలకపోవటం అందుకే.

కాని లెక్క కుదరాలంటే పొడుగు, వెడల్పు, ఎత్తు, కాలం చాలవు. మొత్తం 10 కొలతలు కావాలి. మిగిలిన 6 ఏవి? డాల్ఫిన్స్ నోస్ కొండ మీది నుంచి చూస్తే రేవులో ఓడ మోకు సన్నని గీత. మోకు మీది చీమకు మాత్రం దాని చుట్టూ తిరిగే దారి కూడా వుంది. ఆ 6 కొలతలూ అలా చుట్టుకుని వున్నాయంటారు.

జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రంలో ప్రోటానులను ఢీకొట్టించారు. తీగె జాడ లేదు. వీణను మీటి చూసినట్టు దీన్ని మీటి చూసే దారి ఇంకా దొరకలేదు.