సంఘాలు కలవడానికి అడ్డేమిటి?

కృష్ణకు ఇవతల బెజవాడ వైపువాళ్లు ఎక్కువగా సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం). అవతల గుంటూరు వైపు లూథరన్లు. కిందికి వుయ్యూరు, అవనిగడ్డ వెళితే బాప్టిస్టులు. మన క్రైస్తవ కుటుంబాల్లో చాలావాటికి సంఘమన్నది తాతలు సిద్ధాంతాలను తూకం వేసి ఎంచుకున్నది కాదు. ఊరు ఏ మిషన్ పరిధిలో పడితే ఆ సంఘమే వచ్చింది. 1841లో ఇంగ్లండు ఆంగ్లికన్ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. మరుసటి ఏడాది అమెరికా లూథరన్ జాన్ హేయర్ గుంటూరు చేరారు. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టారు. ఒకరి ప్రాంతంలోకి ఇంకొకరు వెళ్లకూడదని మిషన్ల మధ్య ఒప్పందాలుండేవి.

పల్లెలో ఉన్నంతకాలం ఆ హద్దులతో పెద్దగా పని పడలేదు. చదువులకు, ఉద్యోగాలకు విజయవాడ చేరాక అవి తెలిసొచ్చాయి. సీఎస్‌ఐ అమ్మాయికి బాప్టిస్టుల ఇంట్లో సంబంధం కుదిరిందనుకోండి. ఆమెకు పసితనంలోనే పాస్టరుగారు నీళ్లు చిలకరించి బాప్తిస్మమిచ్చారు. పెద్దయ్యాక బిషప్పుగారు తలమీద చేతులుంచి కన్ఫర్మేషన్ చేశారు. అత్తగారి సంఘంలో మాత్రం, విశ్వాసం ఒప్పుకుని నీళ్లలో మునిగితేనే అది బాప్తిస్మం. ‘మళ్లీ తీసుకోమ్మా, ప్రభువు బల్లలో చేరుదువుగాని’ అంటారు. ఆమె తీసుకుంటే పుట్టింటివాళ్లు ఇచ్చింది బాప్తిస్మమే కాదని ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే బల్ల దగ్గర భర్త పక్కన చోటు లేదు.

ఇలాంటి చిక్కు ఒకటి ఇదివరకు మన దగ్గరే విడిపోయింది. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు పల్లెల్లో తిరిగిన మనిషి. ఆయన డయాసిస్ తర్వాత కృష్ణా డెల్టాకూ విస్తరించింది. యూరప్ తగవుల్లోంచి పుట్టిన చీలికలను ఇక్కడి కూలి జనం ఎందుకు మోయాలన్నది ఆయన ప్రశ్న. 1919లో తరంగంబాడిలో ఆంగ్లికన్, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి పాదిరులు సమావేశమై ఐక్యతకు పిలుపునిచ్చారు. మెథడిస్టులు తర్వాత చర్చల్లో చేరారు.

అక్కడి నుంచి కలవడానికి 28 ఏళ్లు పట్టింది. చిక్కంతా బిషప్ దగ్గరే. తరతరాల వరుసలో వచ్చిన బిషప్ చేతులుంచి అభిషేకిస్తేనే పాదిరి అన్నది ఆంగ్లికన్ల పట్టుదల. మిగతావారి పాదిరులకు అలాంటి అభిషేకం లేదు. ‘మళ్లీ అభిషేకం తీసుకోండి’ అంటే, ఇన్నాళ్లూ వాళ్లిచ్చిన ప్రభు భోజనం చెల్లదన్నట్టే కదా!

చివరికి మధ్యేమార్గం దొరికింది. ఉన్న పాదిరులంతా ఉన్నట్టే చెల్లుతారు, ఎవరికీ మళ్లీ అభిషేకం అక్కర్లేదు. ఇకమీదట వచ్చేవాళ్లను మాత్రం బిషప్పులే అభిషేకిస్తారు. మనస్సాక్షి ఒప్పని పాదిరిని ఏ సంఘం మీదా రుద్దరు. ఈ షరతులతో 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. బిషప్పుల వ్యవస్థ ఉన్న సంఘం, అది లేని సంఘాలు ఇలా ఒక్కటవడం ప్రపంచం ఆశ్చర్యంగా చూసిన సంగతి. అజరయ్య మాత్రం చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు.

అందరూ రాలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అప్పట్లో బయటే ఉండిపోయారు. లూథరన్లకు తమ విశ్వాస ప్రమాణాల మీద పట్టింపు. బాప్టిస్టుల సంగతి ఇంకా చిక్కు. పాదిరుల విషయంలో ‘పాతది చెల్లుతుంది, కొత్తది ఇలా’ అనగలిగారు. శిశువుకిచ్చింది అసలు బాప్తిస్మమే కాదనేవారితో ఆ సూత్రం పారదు. ఇక కతోలికుల గుణదల మాత ఉత్సవానికి వచ్చే జనంలో ఇతర సంఘాలవాళ్లూ కనిపిస్తారు గానీ, కతోలిక దివ్యసత్ప్రసాదం మాత్రం మామూలుగా వాళ్లకు ఇవ్వరు. పోపుతో ఐక్యత లేకుండా ఆ బల్లను పంచుకోలేమన్నది కతోలికుల మాట.

అయినా కలిసిన చోట్లు తక్కువేం కాదు. పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు సీఎస్‌ఐ గుళ్లోనూ, లూథరన్ గుళ్లోనూ, బాప్టిస్టు గుళ్లోనూ పాడతారు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో ఈ సంఘాల పాస్టర్లు ఒకే బెంచీ మీద చదువుకుంటూ వచ్చారు.

పుస్తకాల్లో రాయని అడ్డు ఇంకొకటుంది. మిషన్లు ఊరూరా ఒక్కో పేట ద్వారా వచ్చాయి. అందుకే చాలా చోట్ల సంఘం పేరు చెబితే అది మాలపల్లెదో మాదిగపల్లెదో తెలిసిపోతుంది. బాప్తిస్మం ఒకటే అయినా పెళ్లి సంబంధం దగ్గర ఆగిపోయే ఇళ్లున్నాయి. దీన్ని ఏ సిద్ధాంత చర్చా తీర్చదు.

డిసెంబరులో ఒకే వేదిక మీద ఐక్య క్రిస్మస్ చేసుకోవడం మంచిదే, సులువు కూడా. అసలు పరీక్ష ఆ కోడలి విషయంలో ఉంది. ఎదుటివాడికి అప్పటికే దేవుడిచ్చింది నిజమైనదేనని ముందు ఒప్పుకుని, తేడాలు తర్వాత మాట్లాడుకున్నారు 1947 నాటి పెద్దలు. ఆ వరుస తిరగేస్తే మాత్రం మాటలు మళ్లీ మొదటికొస్తాయి.