ఎండలో సర్దుకునే చలి సామాను

జూన్ మొదటివారంలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్యాను కింద కూర్చుని హిమాలయాలకు బ్యాగు సర్దుకునేవారికి ఉన్ని టోపీని చూస్తేనే చెమట పడుతుంది. రెండు స్వెటర్లు ఎందుకు, ఒకటి చాలదా అనిపిస్తుంది. వేసవి కొండయాత్రల్లో ఇబ్బందులు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఆ పూట ఒంటికి తెలిసే వేడిని బట్టి సామాను ఎంచుకుంటారు. దాన్ని వాడుకోవాల్సింది మాత్రం రైలూ బస్సూ దిగి, నడక మొదలుపెట్టి, పద్నాలుగు వేల అడుగుల ఎత్తుకు చేరాక.

హిమాచల్ ప్రదేశ్‌లోని హంప్టా కనుమ సంగతే చూడండి. మనాలి దగ్గర మొదలయ్యే ఈ నాలుగైదు రోజుల నడక కులూ లోయ నుంచి లాహౌల్ వైపు దాటిస్తుంది. మొదటిసారి హిమాలయాలకు వెళ్లేవారు కూడా ఎంచుకునే దారి ఇది. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది, కనుమ దాదాపు 4,270 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే మనాలిలో 24 డిగ్రీలున్న మధ్యాహ్నం కనుమ మీద పది డిగ్రీలే ఉంటుంది. గాలి వీస్తే చలి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. రాత్రివేళ ఎత్తైన శిబిరాల్లో సున్నా దాకా దిగినా ఆశ్చర్యం లేదు. జూన్‌లో కనుమకు రెండువైపులా మంచు మీదే నడవాలి. కాబట్టి చూసుకోవాల్సింది క్యాలెండర్‌లో నెల కాదు, వెళ్లబోయే ఎత్తు.

మన ఎండలకు నూలు బట్టను మించింది లేదు. కొండ మీద అదే ప్రమాదం. చెమటనో వాననో పీల్చుకుని త్వరగా ఆరదు. నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. తడిసిన జీన్స్ మరీ ఘోరం, బరువుకు బరువు, చలికి చలి. పాలిస్టర్ టీషర్టులు రెండు మూడు, త్వరగా ఆరే ప్యాంట్లు రెండు చాలు. మందపాటి కోటు ఒక్కటి కొనడం కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మేలు: ఒంటికి అంటి ఉండే పలచని చొక్కా, దానిపైన ఉన్నిదో ఫ్లీస్‌దో స్వెటర్, అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే జాకెట్. ఎక్కుతుంటే చెమట పడుతుంది, ఆగిన అయిదు నిమిషాలకే వణుకు పుడుతుంది. పొరలుంటే తీస్తూ వేసుకుంటూ సర్దుకోవచ్చు. ఒక జత థర్మల్స్, ఒక జత ఉన్ని మేజోళ్లు మాత్రం ప్లాస్టిక్ సంచిలో కట్టి రాత్రి నిద్రకే ఉంచుకోవాలి. పగలు ఎంత తడిసినా వాటి జోలికి పోకూడదు.

మన ఎండల్లో పెరిగిన ఒంటికి చలి కొత్త. ఈ మాట పెద్ద సాహసికులకూ వర్తించింది. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న ఈ పిల్లలకు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో శిక్షణ ఇచ్చాక, ప్రత్యేకంగా లదాఖ్ చలికాలాన్ని కూడా రుచి చూపించారు.

బ్యాగులో దేనికైనా డబ్బు పెట్టదలిస్తే ముందు బూట్లకు పెట్టాలి. జాకెట్లు, చేతికర్రలు మనాలిలో అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం సొంతవే కావాలి, అవీ ముందే అలవాటైనవి కావాలి. కొత్త బూట్లతో మొదటి రోజే మడమ మీద బొబ్బ లేస్తే మిగతా రోజులన్నీ ఆ బొబ్బతోనే నడవాలి. వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నలుగుతాయి. ఈ దారిలో వాగులు దాటాలి కాబట్టి పట్టీలున్న చెప్పులూ కావాలి. మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నానికి వాగు ఉద్ధృతి పెరుగుతుంది. అందుకే పొద్దున్నే దాటిస్తారు. ఆ వేళ నీళ్లలో కాలు పెడితే నిమిషంలో స్పర్శ పోతుంది. పొడి తువ్వాలు పైనే, చేతికందేచోట పెట్టుకున్నవారికి దాని విలువ అప్పుడు తెలుస్తుంది.

చలి గురించి ఇంత చెప్పాక ఎండ గురించి చెప్పకపోతే తప్పు. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున పెరుగుతుంది. కొత్త మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి ముఖం మీదికి కొడుతుంది. నల్లద్దాలు లేకుండా మంచు మీద కొన్ని గంటలు నడిస్తే కళ్లు మండి, నీళ్లు కారి, తాత్కాలికంగా చూపు మూసుకుపోవచ్చు. అద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకు పూసుకునే బామ్ షోకు సామాన్లు కావు.

తిండి శిబిరంలో పెడతారు. ఎత్తులో ఆకలి మందగిస్తుంది కనుక నోటికి హితవైనవి కాసిని ఉంటే మంచిది: పల్లీ చిక్కీ, నువ్వుల ఉండలు, ఖర్జూరం, చిన్న డబ్బాలో కందిపొడి. ఆవకాయ సీసా మాత్రం ఇంట్లోనే ఉంచాలి, నూనె కారితే థర్మల్స్ పని అయిపోయినట్టే. మందుల సంచిలో ఓఆర్ఎస్, బొబ్బలకు పట్టీలు, రోజూ వేసుకునే మాత్రలు ఉండాలి. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ డాక్టరును అడిగి తీసుకోవాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎత్తుకు, శ్రమకు నెలసరి తేదీలు మారే అవకాశం ఉంది కాబట్టి ఆడవారు ప్యాడ్లు లెక్కకు మించి పెట్టుకోవడం, వాడినవి మూసిపెట్టి కిందికి తెచ్చుకునే సంచి ఒకటి ఉంచుకోవడం అవసరం. చలికి ఫోన్ బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి.

సర్దే వరుసకూ అర్థముంది. రాత్రికి కావలసినవి అడుగున, బరువైనవి మధ్యలో వీపుకు ఆనేలా, వాన జాకెట్ అన్నిటికీ పైన. నడుం బెల్టు బిగిస్తే బరువులో ఎక్కువ భాగం భుజాల మీంచి తుంటి మీదికి దిగుతుంది. మొత్తం పది కిలోలు దాటకుండా చూసుకోవాలి. కంచరగాడిదల మీద సామాను పంపే ఏర్పాటు ఉన్నా, నీళ్లు, జాకెట్, మందులు మాత్రం నడిచేవారి వీపునే ఉండాలి.

బయల్దేరడానికి మూడు వారాల ముందే బ్యాగు నింపి, ఆ బూట్లే వేసుకుని, అపార్ట్‌మెంట్ మెట్లు రోజూ అరగంట ఎక్కి దిగితే ఏ పట్టీ ఒరుసుకుంటోందో, ఏ వస్తువు అక్కర్లేదో తెలిసిపోతుంది. సాధారణంగా ముందు బయటికొచ్చేవి నాలుగో జత బట్టలు, పెద్ద షాంపూ సీసా, చదువుదామని పెట్టుకున్న లావుపాటి పుస్తకం.