తండ్రి ఉద్యోగం ఆస్తి కాదు

మా అనంతపురం జిల్లాలో నెలజీతానికున్న విలువ కాలువ నీళ్లు ఎరిగిన వారికి ఒక పట్టాన అర్థం కాదు. ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు వస్తే అదృష్టమే. వేరుశనగ విత్తిన రైతు మబ్బుకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇంట్లో ఒక్కడు గుంతకల్లు రైల్వేలోనో, బస్సు డిపోలోనో, ఏదో సర్కారు కచేరీలోనో కుదురుకున్నాడంటే, ఆ జీతమే ఆ ఇంటికి ఎండని బావి. తమ్ముడి విత్తనాల అప్పు, చెల్లెలి పెళ్లి, తల్లి మందులు, అన్నీ అందులోంచే తోడుకోవాలి.

ఆ మనిషి హఠాత్తుగా కన్నుమూస్తే?

పరామర్శకు వచ్చినవారు చెప్పే ధైర్యం ఒకటే: "బాధపడొద్దమ్మా, ఆయన ఉద్యోగం పిల్లవానికి ఇస్తార్లే!" ఈ ఓదార్పులో సగం నిజమున్నది; సగం ప్రమాదమున్నది.

కారుణ్య నియామకం ఉన్నమాట నిజమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1977 అక్టోబరు 3న 687వ నంబరు జీవో ఇచ్చింది. సర్వీసులో ఉండగా ఉద్యోగి మరణించి, ఇంట్లో మరో సంపాదనపరులు లేకపోతే, భార్యకో భర్తకో కొడుకుకో కూతురికో చిన్న ఉద్యోగం ఇవ్వవచ్చును. జూనియర్ అసిస్టెంటుకు మించిన పదవి రాదు. దరఖాస్తు ఏడాదిలోగా చేరాలి. పిల్లలు మైనర్లయితే, మరణించిన నాటినుంచి రెండేళ్లలోగా పద్దెనిమిదేళ్లు నిండాలి. రైల్వేకు, బ్యాంకులకు వారి వారి నిబంధనలు వేరే ఉన్నాయి. ఇక ప్రైవేటు మిల్లులో పనిచేసినవాని ఇంట ఒకరికి ఉద్యోగం ఇచ్చి తీరాలని కార్మిక చట్టం చెప్పదు. యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం ఉంటే అది వేరు సంగతి.

మా వీధిలో ఒకావిడకు భర్త పోయేనాటికి కొడుకు తొమ్మిదో క్లాసు. "వాడు పెద్దవాడు కానీ, చూద్దాం" అన్నారు బంధువులు. ఆవిడ ఇంటర్ పాసయింది. ఆ దరఖాస్తు తానే పెట్టుకోవచ్చునని ఒక్కరూ చెప్పలేదు. నాలుగేళ్లకు కొడుకు కాగితాలు పట్టుకుని వెళితే గడువు దాటిందన్నారు. "మా నాయన ఉద్యోగం నాది కాదా?" అని అడిగాడట. "ఆస్తి అయితే నీదే, నాయనా. ఇది ఆస్తి కాదు" అన్నాడట గుమాస్తా.

మాట కటువైనా న్యాయస్థానం చెప్పిందీ అదే. తండ్రి ఉద్యోగం వారసత్వంగా వచ్చేది కాదనీ, ఆకస్మికంగా దిక్కులేనిదైన కుటుంబాన్ని ఆ గండం గట్టెక్కించడమే దీని ఉద్దేశమనీ, కాలం గడిచాక అడగరాదనీ 1994లో సుప్రీంకోర్టు ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో స్పష్టం చేసింది. ఇన్నాళ్లు బతికారంటే గండం గడిచినట్టే గదా అన్నది తర్కం. ఆవిడ ఎలా గడిపిందో మాకు తెలుసు. మొదట మెడలోని గొలుసు పోయింది. తర్వాత రెండెకరాల చేను పోయింది. బతికి ఉండటమే నేరమైనట్టయింది!

అయితే దయ వేరు, హక్కు వేరు. ఉద్యోగం దయ. గ్రాట్యుటీ హక్కు; కార్మికుడు మరణిస్తే ఐదేళ్ల సర్వీసు నిండాలన్న షరతు వర్తించదు. పని చేస్తూ ప్రమాదంలో పోతే 1923 నాటి చట్టం నుంచీ పరిహారం హక్కు. ఈ రెంటినీ ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చారు. హక్కు మాత్రం పోలేదు. ప్రావిడెంటు ఫండులో సభ్యుడైతే ఆ సొమ్ము, దానితోపాటు 1976 నుంచి అమలులో ఉన్న బీమా, కుటుంబ పింఛను కూడా అడగవచ్చును. ఇవి పుచ్చుకున్నంత మాత్రాన ఉద్యోగం అడగకూడదేమోనని కొందరు భయపడి ఊరుకుంటారు. భయం వద్దు, రెండూ అడగండి.

అమ్మలారా, మీ వారు నామినేషన్ కాగితంలో ఎవరి పేరు రాశారో ఈ ఆదివారమే అడిగి తెలుసుకోండి. అపశకునమని అనుకోకండి. సర్వీసు పత్రాలు, జీతం చీటీలు, పిల్లల పుట్టిన తేదీల సర్టిఫికెట్లు ఒకే పెట్టెలో పెట్టి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. మా సీమలో వాన ఎప్పుడు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. దరఖాస్తు ఏ రోజున పెట్టాలన్నది మాత్రం మన చేతిలో ఉన్నదే.