రూపం ఎవరి కోసం?

రూపం సారానికి తొడిగే చొక్కా మాత్రమేనని వాదించే మిత్రులు ఒక చిన్న వస్తువును పరిశీలించాలి. అమెరికాలో 1970ల నుంచి వాడుకలోకి వచ్చిన, ఒంటరి వృద్ధుల మెడలో వేలాడే ఆపద మీట అది. పడిపోయినప్పుడు నొక్కితే ఇంట్లోని పెట్టెకు రేడియో సంకేతం అందుతుంది; ఆ పెట్టె టెలిఫోను ద్వారా సహాయ కేంద్రాన్ని పిలుస్తుంది. సారం నిస్సందేహంగా మానవీయం. మరి రూపం? తాడుకు కట్టిన తెల్లటి ప్లాస్టిక్ బిళ్ల. ఆస్పత్రి చీటీ మెడలో కట్టినట్టుంటుంది.

2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన కేంబ్రిడ్జ్ పరిశీలన ప్రకారం, తొంభై దాటి ఒంటరిగా పడిపోయినవారిలో చాలామంది మీట ఉండి కూడా వాడలేదు. దాన్ని ధరించకపోవడం కారణాల్లో ఒకటి. తరచుగా కొనేది బిడ్డలు, మోయవలసింది తల్లి. తయారీదారు ఆమె జబ్బును చూశాడు, మనిషిని చూడలేదు.

కళ్లజోడూ లోపానికి చేసిన సాధనమే. అయినా ముఖానికి అలంకారమైంది. 2018లో ఆపిల్ చేతిగడియారం పడిపోవడాన్ని తానే గుర్తించడం మొదలుపెట్టింది. అది ఎవరి చేతికైనా ఉండేదే గనుక సిగ్గు లేదు. అయితే ఆ గౌరవం కొనగలిగినవాడికే దక్కింది.

ముసలివాళ్లను దగ్గుకూ కుక్కిమంచానికీ పరిమితం చేసే కథకులూ ఇలాంటి బిళ్లలే తయారుచేస్తున్నారు. మనిషిని చూడని రూపం చివరికి సారాన్నే చంపుతుంది.